మదర్‌బోర్డుకి తడి తగలకుండా

మొన్న వీడియో కాల్లో మా భోజనాల బల్ల మీద మీకు తెల్లగా కనబడింది కొబ్బరి కోరు కాదు. "నానమ్మా, లౌజు చేస్తున్నావా?" అని మీరిద్దరూ అడిగితే నేను అవుననీ కాదనీ అనకుండా ఫోన్ పెట్టేశాను. అప్పుడు చెప్పే తీరిక లేదు. అది మంచు. మే నెల ఎండలో, ఫ్రిజ్ లోపల కాదు, బల్ల మీద, ఒక రాగి గొట్టం లాంటి గిన్నె చుట్టూ పేరుకున్న మంచు. ఆ గిన్నె కింద ఒక కంప్యూటర్ ఉంది. అదీ నడుస్తున్న కంప్యూటర్. ఇప్పుడు తీరిగ్గా కూర్చున్నాను కాబట్టి మొదటి నుంచీ చెప్తాను. నాకు తెలియని చోట తెలియదనే చెప్తాను.

మీ తాత తమ్ముడి కూతురు ఉంది కదా, మీకు అత్త వరస. మీ ట్యాబ్ విప్పి బాగుచేసి ఇచ్చిందే, ఆ అత్త. రెజిమెంటల్ బజార్ సందులో చిన్న కంప్యూటర్ రిపేర్ దుకాణం నడుపుతుంది. షటర్ పైకెత్తితే ఆవిడా, ఒక బల్లా, ఒక స్టూలూ, అంతే. వచ్చినవాళ్లు ముందు లోపలికి తొంగిచూసి "అన్న లేడా?" అని అడుగుతారట. "అన్న ఇంకా పుట్టలే. ఏం ఖరాబైందో జెర నాకు చెప్పు" అంటుందట ఈవిడ. ఆ మాట చెప్పి తనే నవ్వుతుంది. నాకు మాత్రం ప్రతిసారీ పూర్తిగా నవ్వు రాదు.

బుధవారం పొద్దున్న ఆటోలో దిగింది. చేతిలో ఒక సంచి, చంకలో అట్టపెట్టె, ఆటోలోంచి దింపుకోవాల్సిన థర్మోకోల్ డబ్బా ఒకటి. అల్వాల్‌లో మా ఇంటికి రావడం తనకి కొత్త కాదు కానీ ఇంత సామానుతో రావడం కొత్త.

"పెద్దమ్మా, ఆదివారం దాకా మీ హాల్ నాకు గావాలె" అంది.

"హాలు ఎందుకే? నీ గదికేమైంది?"

"మూడో అంతస్తుల కరెంట్ మీద నమ్మకం లేదు. మీ ఇంట్ల పెద్దనాన్న ఏసిన ఎర్తింగ్ ఉంది. గాలి సుత మంచిగ ఆడుతది."

ఎర్తింగ్ అన్న మాట వినగానే మీ తాత పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన లాలాగూడ వర్క్‌షాపులో రైలు పెట్టెలకి వైరింగ్ చేసిన మనిషి. ఇల్లు కట్టినప్పుడు గోడల కన్నా ఎర్తింగ్ గొయ్యి గురించే ఎక్కువ పట్టించుకున్నారు. ఇన్నేళ్లలో దాని పేరెత్తి ఇంటికొచ్చిన చుట్టం ఈవిడొక్కతే.

"హాల్ ఏంది బిడ్డా, ఇల్లే తీసుకో" అన్నారు.

అట్టపెట్టెలోంచి తీసింది మదర్‌బోర్డు. నేను అంతవరకు దాన్ని విడిగా చూడలేదు. నల్లటి పలక, మీ లెక్కల పుస్తకం అంత ఉంటుంది. దాని మీద మిరియాల్లా, ఆవగింజల్లా రకరకాల ముక్కలు అతికి ఉన్నాయి. మధ్యలో చదరంగా ఒక చోటు, అక్కడ ప్రాసెసర్ కూర్చుంటుంది. ఆలోచించే పనంతా దానిదే. పరుగెత్తే మనిషికి ఒళ్లు వేడెక్కినట్టు అది వేగంగా పనిచేస్తే వేడెక్కుతుంది. వేడి ఎక్కువైతే ఆగిపోతుంది. కాబట్టి దాన్ని చల్లబరిస్తే ఇంకా వేగంగా పరుగెత్తించవచ్చు. అంతవరకు నాకు వెంటనే అర్థమైంది.

"అట్లా అయితే ఫ్రిజ్‌లో పెట్టేస్తే పోదా?" అని అడిగాను.

"ఫ్రిజ్ సాలది పెద్దమ్మా. దీనికి ఫ్రిజ్ అంటే ఎండాకాలం లెక్క."

సున్నా కన్నా చాలా కిందకి తీసుకెళ్లాలట. అందుకే థర్మోకోల్ డబ్బా. ఐస్‌క్రీములు సప్లై చేసే చోట డ్రై ఐస్ అని దొరుకుతుంది, అది తెస్తుంది. ఆ ముక్కల్ని రాగి గిన్నెలో వేసి కాస్త స్పిరిట్ పోసి, గిన్నెని ప్రాసెసర్ నెత్తి మీద నిలబెడుతుంది. దేశంలో ఇలాంటి పని చేసే వాళ్లంతా ఫోన్లో ఒక గుంపుగా ఉన్నారు. ఆదివారం చీకటిపడే లోపల ఎవరి ప్రాసెసర్ ఎంత వేగం అందుకుందో ఫొటో తీసి అందులో పెట్టాలి. బహుమతి ఏమీ లేదు. పేర్ల పట్టికలో ఎక్కడో ఒక చోట ఉండాలి, అంతే.

"దీనికి ఇంత హైరానా ఎందుకే?" అన్నాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను.

బోర్డు అంచు గుడ్డతో తుడుస్తూనే చెప్పింది. పోయినేడు కూడా చేసిందట. చల్లటి గిన్నె చుట్టూ గాలిలో ఉన్న తేమ నీరై, ఆ నీరు బోర్డులోకి దిగి, బోర్డు చచ్చిపోయింది. అప్పుడు గుంపులో ఒకాయన రాశాడట: ప్రాసెసర్ నెత్తిన పేస్టు పూయడం లాంటి చిన్న పనుల వరకు నువ్వు బాగా చేస్తావు, చల్లదనం మాకు వదిలెయ్ అని. మిగిలినవాళ్లు దానికింద నవ్వుల బొమ్మలు పెట్టారట.

"గీ బోర్డు ఇప్పుడు తయారు చేస్తలేరు. ఎంత ఎతికితే దొరికిందో నాకే ఎరుక. ఇది సుత నీళ్లు తాగి పోతే నేను బంద్ చేస్తా పెద్దమ్మా. దుకాణం సూసుకుంటా, గంతే."

గొంతు పెంచలేదు. దుకాణం మూసే వేళయింది అని చెప్పినట్టు చెప్పింది. అందుకే నేను ఆ మాట నమ్మాను.

ఆ రోజు నుంచి నేను ఆవిడ బల్ల దగ్గరే. కూర తరిగేది కూడా అక్కడే. బోర్డుని తడి నుంచి కాపాడడం ఎలాగో చూద్దామని.

మొదట బోర్డునంతా స్పిరిట్‌లో ముంచిన బ్రష్షుతో కడిగింది. తర్వాత తీగలు గుచ్చే చోట్లకీ, ప్రాసెసర్ కూర్చునే చోటుకీ టేపు అంటించింది. అక్కడ పూత పడితే కరెంటు అందదట. మిగిలిన చోటంతా సన్న బ్రష్షుతో పారదర్శకంగా ఉండే పూత వేసింది. అచ్చం గోళ్ల రంగు వాసన. మీ తాత వరండాలోంచి అన్నారు, "గీ ఇంట్ల నెయిల్ పాలిష్ వాసన మొదటిసారి వస్తున్నది. అదీ కంప్యూటర్‌కి."

"మీరెప్పుడన్నా కొనిచ్చారా రావడానికి?" అన్నాను నేను. మీ అత్త ముసిముసిగా నవ్వింది కానీ బ్రష్షు చెదరనివ్వలేదు.

పూత ఆరాక ఖాళీ సందుల్లో వాజలిన్ కూరింది. గాలి ఉండే చోటు మిగలకూడదు అన్నది దాని సూత్రం. గాలి ఉంటే తేమ ఉంటుంది, తేమ ఉంటే నీరవుతుంది. ప్రాసెసర్ చుట్టూ పెట్టడానికి బొమ్మలు గీసేవాళ్లు వాడే బూడిదరంగు మెత్తటి రబ్బరు తెచ్చింది. అది గట్టిగా ఉంటే పిసికి ఇమ్మని నాకు ఇచ్చింది. చలిమిడి పిసికినట్టు పిసికాను. కాసేపటికి చేతివేడికి లొంగింది. దాన్ని మీ అత్త ఆవగింజంత ముక్కల మధ్యకి కూడా వేలితో ఒత్తుకుంటూ పోయింది.

అన్నిటికన్నా పైన నల్లటి స్పాంజి షీటు. ఏసీ గొట్టాలకి చుట్టేది. దానికి ప్రాసెసర్ దగ్గరా, తీగల దగ్గరా కిటికీలు కోయాలి. ఆవిడ కంటి అంచనాతో కత్తెర పెట్టబోతుంటే నేను ఆపాను.

"జాకెట్టు మెడ ఎవరైనా గుడ్డ మీదే కోస్తారా? ముందు కాగితం మీద కోసి చూసుకోవాలి."

పాత పేపరు బోర్డు మీద పరిచి వేలితో రుద్దితే ముక్కల అచ్చులు పడ్డాయి. ఆ గీతల వెంబడి కోసి, అది చూసి స్పాంజి కోశాం. వెనకవైపుకీ అలాగే. మొత్తం అయ్యేసరికి బోర్డు స్వెట్టర్ వేసుకున్న చంటిపిల్లలా ఉంది. మొహం మాత్రం బయటికి.

ఇక్కడ కూలర్ సంగతి చెప్పాలి. మీరు వేసవిలో ఎప్పుడూ ఇక్కడ లేరు కాబట్టి దాని హోరు మీకు తెలియదు. మీ తాత రిటైరైన ఏడాది తన చేతులతో చేసుకున్నారు. రేకు పెట్టె, మూడు వైపులా గడ్డి తడికలు, లోపల పంపు, మూతి దగ్గర పెద్ద ఫ్యాను. మార్చిలో కొత్త గడ్డి కడతారు, జూన్ దాకా పొద్దున్నే పైపుతో నీళ్లు నింపుతారు. పక్కింటివాళ్లు ఏసీ పెట్టించుకుంటే "ఏసీలోళ్లకి మోకాళ్లు పడతయి, సూస్తుండు" అంటారు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ల కన్నా ముందు కూలర్ ఎదుటి కుర్చీ ఇస్తారు. అది ఆయన మర్యాద. అందుకని మీ అత్త బల్ల సర్దుకుంటున్నప్పుడే కూలర్ మూతిని సరిగ్గా ఆ బల్ల వైపు తిప్పేశారు. "బిడ్డ చెమటలు కక్కుకుంట పని చేస్తదా మన ఇంట్ల" అని.

శుక్రవారం మధ్యాహ్నం కొద్దిగా డ్రై ఐస్ తెచ్చి ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూసింది. చేతులకి మందపాటి తొడుగులు వేసుకుంది, నన్ను దూరంగా ఉండమంది. ముట్టుకుంటే చర్మం కాలినట్టు ఊడుతుందట. దాని ఆవిరి గదిలో నిండకూడదని వరండా తలుపు తెరిచింది. రాగి గిన్నెలో ముక్కలు వేసి స్పిరిట్ పోయగానే కుండలో అన్నం ఉడుకుతున్నట్టు కుతకుతలాడింది. తెల్లటి పొగ గిన్నె అంచు దాటి కిందికి జారింది. పొగ పైకి పోకుండా కిందికి పోవడం నేను అప్పుడే చూశాను. ఆ వింతలోనే ఉన్నాను. ఇంతలో మీ అత్త "ఆగు, ఆగు" అని ఎవరితోనో అన్నట్టు అంది. గిన్నె చుట్టూ మంచు కట్టింది, అది అనుకున్నదే. కానీ స్పాంజి అంచుల్లోంచి నీరు కారుతోంది. పొయ్యి మీంచి దించిన ఇడ్లీపాత్ర మూత కింద ఉన్నంత నీరు.

వెంటనే స్విచ్ ఆపింది. అన్నీ ఊడదీసి, టిష్యూ కాగితాలతో అద్ది, బోర్డుని ఆరబెట్టింది. సాయంత్రానికి మళ్లీ వెలిగించి చూస్తే బతికే ఉంది.

"నేనే ఏడనో గాలి ఇడిచిపెట్టిన" అంది. శనివారం తెల్లవారి లేచి వాజలిన్ అంతా తీసేసి మళ్లీ కూరింది. రబ్బరు మళ్లీ నా చేతికి వచ్చింది. ఈసారి స్పాంజి రెండు పొరలు. పదకొండింటికల్లా మళ్లీ చిన్న ముక్క డ్రై ఐస్ వేసి చూసింది. మళ్లీ నీరు. నిన్నటికన్నా ఒక్క చుక్క తక్కువ లేదు.

నేనూ నాకు తోచింది చెప్పాను. వాజలిన్ కరుగుతోందేమో అన్నాను. కాదంది. ఆ స్పాంజే చెమ్మ పీలుస్తుందేమో అన్నాను. దానికి అలా పీల్చే గుణం లేదంది. విసుక్కోకుండా ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది, కానీ కళ్లు బోర్డు మీదే.

"బయట గాలిలో తేమ ఎక్కువుందేమో?"

ఫోన్ తీసి చూపించింది. "సూడు పెద్దమ్మా. సికింద్రాబాద్‌ల ఇయ్యాల గాలి ఎండిపోయున్నది. గీ పని చేయనీకి ఇంతకన్నా మంచి నెల లేదు. తప్పు నా చేతులదే."

చేతులు ఒడిలో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. నేను వంటింట్లోకి వెళ్లి పప్పుచారు దించి అప్పడాలు వేయించాను.

హాల్లోనే బోర్డుకి కాస్త దూరంగా చాప పరుచుకుని భోజనానికి కూర్చున్నాం. మీ తాతకి పెరుగన్నంలోకి అప్పడం కావాలి కదా, ఆఖరుకి మిగిల్చుకున్నారు. అప్పటికి అది తోలులాగా వంగింది.

"ఇదేందే, అప్పడం జేసినవా, అట్టు జేసినవా?"

"ఇప్పుడే కదండీ వేయించాను. వంటింట్లో గలగలలాడింది."

"మరి నా పళ్లెంలకొచ్చేసరికి ముసల్ది అయిందా?"

నేను లేచి వంటింట్లో మిగిలిన అప్పడం పట్టుకుని చూశాను. టప్పుమని విరిగింది. అక్కడే గుమ్మంలో నిలబడి విరిగిన ముక్క వైపు చూశాను. ఒకే మూకుడు, ఒకే నూనె. వంటింటి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది, కూలర్ గాలికి పొయ్యి మంట ఆరిపోతుందని. మరి ఈ అప్పడం ఎందుకు కరకరలాడుతోంది?

"ఏమే, నీ ఫోన్ చెప్పేది ఏ గాలి సంగతి?" అని అడిగాను మీ అత్తని. "వీధిలో గాలి సంగతా, మన హాల్లో గాలి సంగతా?"

ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది. మెల్లగా తల తిప్పి కూలర్ వైపు చూసింది. అది మా ముగ్గురి వైపూ చల్లగా ఊదుతూనే ఉంది. నేనూ అటే చూశాను. మీ తాత మా ఇద్దరి మొహాలూ చూశారు.

"ఏంది, ఇద్దరు గట్ల సూస్తున్నరు?"

మీ అత్త చెయ్యి కడుక్కుని వచ్చి, "పెద్దమ్మా, ఇంకొన్ని అప్పడాలు ఏపుతవా?" అంది. వేయించాను. ఒకటి బోర్డు బల్ల మీద పెట్టాం, ఒకటి వెనకగదిలో, ఒకటి డాబా మీద నీడలో. కాసేపటికి వరసగా వెళ్లి విరిచి చూశాం. వెనకగది అప్పడం సందేహిస్తూ విరిగింది. డాబా మీదది వేలు తగలగానే పొడిపొడి. బల్ల మీదది వంచితే వంగింది, మడిస్తే మడత పడింది. డాక్టర్లు రిపోర్టు పట్టుకున్నట్టు మీ అత్త దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కిటికీ వెలుతురులో చూసింది.

తడి గడ్డి లోంచి వచ్చే గాలి కదా, చల్లదనంతో పాటు నీటిని కూడా మోసుకొస్తుంది. ఏళ్ల తరబడి దాని ఎదురుగా కూర్చున్నాం. తలుపులు ఉబ్బి పట్టేస్తే వడ్రంగిని తిట్టాం. ఉప్పు నీరుకారితే కొట్టువాణ్ని తిట్టాం. పుట్టినప్పటి నుంచీ ఈ ఊళ్లో వేసవి అంటే కూలరే కాబట్టి, కూలర్ గాలి అంటే ఒట్టి గాలే అనుకుంది మీ అత్త కూడా.

ఇక అసలు కష్టం, మీ తాతకి చెప్పడం. ఆవిడ నా వైపు చూసింది, నేను ఆవిడ వైపు చూశాను. చివరికి మీ అత్తే వెళ్లి పక్కన కూర్చుంది.

"పెద్దనాన్నా, రేపు ఒక్కదినం కూలర్ బంద్ పెడుదామా?"

"ఎందుకు? సప్పుడైతున్నదా? బేరింగ్‌కి నూనె ఏస్తా."

"సప్పుడు కాదు. అది నీళ్లు సల్లుతున్నది, గాలిల. నా బోర్డు మీదికి గవే వస్తున్నయ్."

మీ తాత లేచి వెళ్లి కూలర్ మూతి ముందు అరచెయ్యి పెట్టారు. తర్వాత వెనక్కి వెళ్లి గడ్డి నొక్కి చూశారు. చేతికంటిన తడి పంచెకి తుడుచుకుంటూ వచ్చారు.

"అంటే, మస్తు మంచిగ పని చేస్తున్నట్టే గదా?"

"గదే పెద్దనాన్నా పరేషాన్. గంత మంచిగ పనిచేస్తున్నది."

"గట్ల చెప్పు మరి" అని తనే స్విచ్ ఆపారు. అంతటితో ఊరుకోలేదు. టాంకులో నీళ్లు తోడి జామచెట్టుకి పోశారు, తడికలు ఊడదీసి డాబా మీద ఎండేశారు. పని అంటే ఆయనకి సగం చేయడం చేతకాదు.

మే నెలలో పొద్దున్న పది దాటాక ఈ ఊళ్లో కిటికీ తెరిచే ఇల్లు ఉండదు. ఆదివారం మేము అన్నీ తెరిచాం. ముందు తలుపు, వెనక తలుపు, కిటికీలు, వంటింటి వెంటిలేటరు కూడా. వడగాలి లోపలికొచ్చి గోడల్ని నాకుతున్నట్టు తిరిగింది. క్యాలెండర్ కాగితాలు గరగరలాడాయి. ఎదురింటావిడ కొంగు నెత్తిన కప్పుకుని పరుగున వచ్చింది.

"ఏందమ్మా, అన్ని బార్లా తెరిచిండ్రు? సార్ పానం మంచిగున్నదా?"

"బాగున్నారమ్మా. గాలి ఎండాలని తెరిచాం."

"గాలి ఎండుడా?" అని ఒకసారి నన్నూ, ఒకసారి చేతులకి తొడుగులేసుకుని నిలబడ్డ మీ అత్తనీ చూసి, "వస్త మరి" అని వెనక్కి నడిచింది. వాళ్ల కిటికీ పరదా ఆ మధ్యాహ్నమంతా కదులుతూనే ఉంది.

మూడు దాటాక మీ అత్త షురూ చేసింది. స్పాంజి కింద, గిన్నె చుట్టూ, టిష్యూ కాగితాలు మడతలుగా పేర్చింది. ఎక్కడైనా నీరు పుడితే ముందు అవి చెప్తాయి. ఆ పొద్దున్నే కొత్తగా తెచ్చిన డ్రై ఐస్ ముక్కలు చిన్న సుత్తితో నలగ్గొట్టి గిన్నెలో వేసింది. కుతకుత, పొగ, మంచు, అన్నీ మళ్లీ వచ్చాయి. మీరు ఫోన్ చేసింది అప్పుడే. స్పాంజి అంచున ఈసారి నీరు రాలేదు. రాలేదని నేను పైకి అనలేదు, అంటే వస్తుందేమోనని.

కొత్త చిక్కు ఒకటి వచ్చింది. కూలర్ లేదు, ఫ్యాను వేస్తే పొగ చెదురుతుంది. మీ అత్త బోర్డు మీదికి వంగితే నుదుటి చెమట ముక్కు చివరికి జారుతోంది. ఇంత చేసి గాలిలో తడి ఆపితే, మనిషిలో తడి మిగిలింది. తుడుచుకుందామంటే చేతికి తొడుగులు. మీ తాత మెడలో తువ్వాలు తీసి, పక్కన నిలబడి, చుక్క జారేలోపల అద్దడం మొదలుపెట్టారు.

"తల ఎత్తకు బిడ్డా, నీ పని నువ్వు చేసుకో. చెమట సంగతి నేను సూసుకుంట."

కంప్యూటర్ తెర మీద వేగం చూపించే అంకెలు పెరుగుతుంటే ఆవిడ ఒక్కో మెట్టూ పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా ఆగి ఫొటో తీస్తోంది. పోయినేడు ఆగిపోయిన చోటు దాటింది. ఫోన్లో ఆ గుంపు టింగుటింగుమని మోగుతూనే ఉంది. ఏమంటున్నారని అడిగితే, "ఇంకా పెంచమంటున్నరు" అంది. ఇంకొక్క మెట్టు పెంచితే పట్టికలో పైవాళ్ల సరసన చేరొచ్చట. డబ్బాలో ముక్కలు ఇంకా ఉన్నాయి. వెలుతురు ఇంకా ఉంది.

అప్పుడే ఒక టిష్యూ అంచు రంగు మారింది. తెల్లటి కాగితం మీద బూడిదరంగు మచ్చ, చింతగింజంత. నేను చూశాను, ఆవిడా చూసింది. ఫోన్ ఇంకోసారి మోగింది.

ఆవిడ ఏం చేస్తుందో నాకు నిజంగా తెలియలేదు. ఆ మచ్చనీ, తెర మీద అంకెనీ మార్చి మార్చి చూసింది. మీ తాత తువ్వాలు గాలిలోనే ఆగిపోయింది. తర్వాత ఆవిడ చెయ్యి చాచి, కరెంటు స్విచ్ ఆపేసింది.

"ఇంకొక్కటి అయ్యేదేమో కదా?" అన్నాను.

"అయ్యేదేమో. కాకుంటే బోర్డు వోయేది." తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది. "అంకె మళ్లీ వస్తది పెద్దమ్మా. బోర్డు రాదు."

అప్పటివరకు తీసిన ఫొటోల్లో చివరిది గుంపులో పెట్టింది. పట్టికలో మధ్యలో ఎక్కడో ఉందట పేరు. ఆవిడ ఆ పట్టిక నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. మా ఇద్దరికీ కావలసింది స్పాంజి కింద ఉంది.

గిన్నె చుట్టూ కట్టిన మంచు కరిగి కిందికి దిగకముందే గిన్నెని ఊడదీసింది. పైపొర స్పాంజి తీసింది. టిష్యూల్లో పైది ఒక్కటే తడిసింది. దాని కిందది పొడి. రెండో పొర తీసి, రబ్బరు గిల్లి, నా చెయ్యి పట్టుకుని వేలు అక్కడ పెట్టించింది.

"నువ్వు సెప్పు. నాకిప్పుడు నా వేళ్ల మీద నమ్మకం లేదు."

వేలు జివ్వుమంది, అంత చలి. కానీ తడి లేదు. వేలిని నా చెంపకి రుద్దుకుని మళ్లీ చూశాను. లేదు.

"పొడిగానే ఉందే" అన్నాను.

ఆ రాత్రి బోర్డుని కప్పేసి పడుకున్నాం. సోమవారం పొద్దున్న మామూలు ఫ్యాను బిగించి స్విచ్ వేసింది. ఒక్కసారి బీప్ అంది, అంటే బతికే ఉందట. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. మీ అత్త కాఫీ గ్లాసు అలాగే పట్టుకుని వాటిని చాలాసేపు చదివింది, అందులో చదవడానికి ఏముందో నాకు తెలియదు. తర్వాత వాజలిన్ తుడవడానికి కూర్చుంది. సగం తుడిచాక చేతులు ఆగాయి.

"పెద్దమ్మా, గిదే పని వానాకాలంల చేయాల్నంటే ఎట్ల? అప్పుడు కిటికీలు తెరిస్తే ఇంకా తడే వస్తది గదా."

నాకు తెలియదన్నాను. ఇంకో గుడ్డ తీసుకుని, మిగిలిన సగం నేనూ తుడవడం మొదలుపెట్టాను.